పరంధామంగారి పద్నాలుగో ఏడు

మన ఊళ్లకు చాలా దూరంగా, ఒక పెద్ద అడవిలో ఏటా డిస్కు గోల్ఫ్ పోటీలు జరిగేవి. చెట్లకు కట్టిన బుట్టల్లోకి పళ్లెం లాంటి డిస్కు విసరాలి. తక్కువ విసుర్లలో అన్ని బుట్టలూ ముగించినవాళ్లకు కప్పు.

పోటీల సంఘానికి కార్యదర్శి నక్క పరంధామం. ఆరేళ్లుగా ఆ కుర్చీ వదిలింది లేదు, ఆరేళ్లుగా కప్పు గెలిచిందీ లేదు. కుర్ర కుందేళ్లు ఆయన్ని ఏటా చిత్తుగా ఓడించేవి. ఆ కప్పులు తన చేతుల మీదుగానే పంచాల్సి రావడంతో ఆయనకు కడుపు మండిపోయేది.

ఈసారి పన్నెండేళ్లు దాటినవాళ్లకని 'పెద్దల విభాగం' ఒకటి పెట్టించాడు. తనకు ఎనిమిదేళ్లే. అయితేనేం, గుడ్లగూబ డాక్టరు ఉన్నాడుగా!

"వయసు పత్రంలో పద్నాలుగు వెయ్యండి డాక్టరుగారూ. ఆ ముసలాళ్లు డిస్కు ఎత్తేసరికే ఆయాసపడతారు. కప్పు నాదే."

పోటీలకు వైద్యుణ్ణి నియమించేది కార్యదర్శే. డాక్టరు పద్నాలుగు వేసి సంతకం పెట్టేశాడు.

పోటీనాడు ముసలాళ్లు నిజంగానే ఆయాసపడ్డారు. ముళ్లపంది ముత్యాలమ్మ బుట్టబుట్టకీ చతికిలబడి మోకాళ్లు నొక్కుకుంది. ఎలుగుబంటి భీమన్న నాలుగో బుట్ట దగ్గర ఏకంగా కునుకు తీశాడు.

"భీమన్న మామా, నీ వంతు!" అని లేపారు.

సగం కళ్లు తెరిచి విసిరాడు. "పడిందా?"

"పడింది మామా!"

"అయితే ఇంకాస్త పడుకుంటా."

అడవంతా విరగబడి నవ్వింది. పరంధామానికి మాత్రం నవ్వు రాలేదు. ఆ ముసలాళ్లవి ఇరవై ఏళ్లుగా అవే బుట్టలకు విసురుతున్న చేతులని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. కంగారులో ఆయన విసిరిన డిస్కుల్లో ఒకటి వాగులో పడింది, ఒకటి సంఘం అధ్యక్షురాలు ఏనుగు రాజేశ్వరమ్మ చెవికి తగిలింది. కప్పు భీమన్న పట్టుకుపోయాడు. పరంధామం అందరికంటే ఆఖరున మిగిలాడు.

బహుమతుల సభలో రాజేశ్వరమ్మ మైకు అందుకుంది.

"పరంధామంగారికి పద్నాలుగేళ్లని పత్రంలో చూసి నేను నమ్మలేదు. ఇవాళ ఆట చూశాక నమ్మాను. పాపం, ఈ వయసులో ఇంకా ఆయన చేత సంఘం చాకిరీ చేయించుకుంటే మనకు పాపం చుట్టుకుంటుంది. ఇవాళ్టి నుంచి ఆయనకు విశ్రాంతి."

చప్పట్లు మోగాయి. భుజాల మీద శాలువా పడింది. 'నాకు ఎనిమిదేనండీ!' అన్న మాట పరంధామం గొంతుదాకా వచ్చింది. దొంగ పత్రం పెట్టినవాణ్ణి అడవి నుంచే వెలివేస్తారు. ఆ నియమం గుర్తొచ్చి, దగ్గినట్టు నటించి మాట మింగేశాడు.

కార్యదర్శి కుర్చీలో అప్పుడే ఒక కుందేలు సర్దుకుని కూర్చుంటోంది. పరంధామం ఏడుపు ఆపుకోలేక శాలువాతో ముఖం తుడుచుకున్నాడు.

పక్కనే ఉన్న ముత్యాలమ్మ జాలిగా వంగి అడిగింది. "మోకాళ్లకు నువ్వేం రాస్తావు తమ్ముడూ?"

"ఆముదం అక్కా," అన్నాడు పరంధామం.

నీతి: అబద్ధం చెబితే చెప్పండి గానీ, జనం నమ్మేటంత బాగా చెప్పకండి.