న్యూ గేమ్ నొక్కండి, ఆరోగ్యంగా ఉండండి

ఆడిన ఆటంతా తుడిచిపెట్టుకుపోవడం ఆడవాళ్ల ఒంటికి చాలా మంచిది. నమ్మరా? అయితే చౌటుప్పల్లో కిరాయి ఇంట్లో ఉండే నవనీత సంగతి వినండి. విన్నాక కూడా నమ్మకపోతే మీ ఖర్మ!

నవనీత పెనిమిటి సురేశ్‌కు మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. మరిది మహేష్ హైదరాబాద్‌లో చదువుతున్నాడు. అన్న బిడ్డ ప్రణీత ఆడుకుంటుందని, చేతిలో పట్టుకుని ఆడే పాత వీడియోగేమ్ ఒకటి తెచ్చిచ్చాడు. అందులో దూర్చడానికి చిన్న ఫ్లాష్ కార్ట్రిడ్జ్, దాని కడుపులో గోరంత మెమరీ కార్డు, ఆ కార్డు నిండా ఆటలు. ప్రణీత నాలుగు రోజులు ఆడి, విసుగొచ్చి, సైకిల్ మీద పడింది. గేమ్ వంటింట్లో పోపుడబ్బా వెనక్కి చేరింది.

ప్రమాదం అక్కడే మొదలైంది.

కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూసే మనిషి కుక్కర్ వంకే చూస్తూ కూర్చోవాలి. నవనీత అలా కూర్చోలేదు. ఒక ఆటలోకి దిగింది. ఏటి ఒడ్డున చాయ అమ్మే గుడిసెతో మొదలుపెట్టి, రెండేళ్లలో పెద్ద హోటల్ కట్టింది. ఏట్లో పోయే పడవలన్నీ అక్కడే ఆగుతాయి. గల్లా దగ్గర కూర్చునేది ఆమె. బోర్డు మీద ఉండేది ఆమె పేరు. వచ్చినవాళ్లందరూ పేరు పెట్టి పలకరిస్తారు. ఇంటి దగ్గర గల్లీలో చూస్తేనా, ఆమె ప్రణీత వాళ్లమ్మ, సురేశ్ భార్య, పై పోర్షన్ ఆమె. మనిషి చెడిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

దేవుడు దయగలవాడు. కార్ట్రిడ్జ్‌లో కార్డును పట్టి ఉంచే స్ప్రింగ్ విరిగింది. వేలితో నొక్కిపట్టుకుంటేనే ఆట నడిచేది. ఒక్కోసారి నొక్కినా నడిచేది కాదు. నవనీత కొత్త కార్ట్రిడ్జ్ తెప్పించింది. ఎక్కడిదాకా ఆడామో గుర్తు పెట్టుకునేది సేవ్ ఫైల్. పాత కార్డులోని ఆ ఫైల్‌ను కొత్తదాంట్లోకి మారిస్తే తన హోటల్ తనకు దక్కుతుందనుకుంది. కొత్తది వచ్చేదాకా పాత కార్డును గుడ్డలో చుట్టి, చెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలో దాచింది. పూటకోసారి తీసి చూసుకుంది.

కొత్తది రానే వచ్చింది. కొత్త వస్తువును బొట్టు పెట్టకుండా ఎవరైనా వాడతారా? బండికి పెడతాం, మిక్సీకి పెడతాం. అత్త గోపమ్మ దాన్ని పీట మీద పెట్టి, ముఖం ఎటుందో అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక అంచున బంగారంలా మెరిసే గీతలు కనిపించాయి. గేమ్‌కు కార్ట్రిడ్జ్ తగిలేది ఆ గీతల దగ్గరే. వాటికి నిండుగా తడి పసుపు రాసి కుంకుమ అద్దింది.

"గిదేందత్తమ్మా, ఆడ వెట్టినవ్?"

"మొఖానికి వెట్టక వీపుకు వెడ్తరా?"

నవనీత పైపైన తుడిచి, పాత కార్డు అందులో పెట్టి గేమ్‌లో దూర్చింది. తెర నల్లగా ఉండిపోయింది. వెంటనే మహేష్‌కు ఫోన్ చేసింది.

"పాతది రాసే తీరు వేరు, కొత్తది చదివే తీరు వేరు వదినా," అన్నాడు మహేష్. "నీ ఫైల్ దానికి సమజైతలేదు. ఊకె తలకాయ నొప్పెందుకు, న్యూ గేమ్ కొట్టు."

"రెండేండ్లు ఆడిన, మహేష్."

"ఆటనే గద వదినా."

బంగారం లాంటి మాట! పాఠకులారా, ఉన్నదున్నట్టు వెంట వస్తే ఎంత బరువో ఆలోచించండి. పెళ్లయిన పిల్ల పుట్టింటి వంట, నవ్వే తీరు, పొద్దున లేచే వేళ అన్నీ సేవ్ చేసుకుని వస్తే, అత్తవారింట్లో పెట్టడానికి జాగా ఎక్కడుంది? నవనీత చేసిన పచ్చిపులుసుకు అచ్చంపేటలో పుట్టింటివాళ్లు గిన్నె నాకేవాళ్లు. చౌటుప్పల్లో మొదటి రోజే "మా దిక్కు గిట్ల చెయ్యరు" అన్నారు. హాయిగా ఉప్పు వేయడం దగ్గరి నుంచి మళ్లీ నేర్చుకుంది. కాన్పు అయ్యాక నౌకరికి తిరిగి వెళ్లిన ఏ ఆడమనిషినైనా నిన్న చేరినవాళ్ల పక్కన కూర్చోబెడతారు. పడుచుదనం ఊరికే తిరిగొస్తుందా మరి! ఇల్లు మారినప్పుడల్లా పాలామెతో, కిరాణా ఆయనతో, పక్కింటి కుక్కతో పరిచయం మొదటి నుంచి మొదలు. ఇన్ని న్యూ గేములు ఆడే భాగ్యం మగవాళ్లకు ఉందా? పాపం, వాళ్లు పుట్టిన ఇంట్లోనే, అదే పేరుతో, అదే కంచంలో తింటూ ముసలివాళ్లయిపోతారు.

ఇంత చెప్పినా నవనీతకు ఎక్కలేదు. హోటల్ ఏమైందో, పడవలవాళ్లు వచ్చి చూసి పోతున్నారేమో అని ఒకటే ఫికర్. కార్ట్రిడ్జ్‌ను వెలుతురులో పట్టి చూస్తే గీతల సందుల్లో ఎండిన పసుపు కనిపించింది. ప్రణీత బడి సంచిలోని రబ్బరు తీసి మెల్లగా రుద్దింది. ఈసారి తెర వెలిగింది. ఆటల పేర్లన్నీ వచ్చాయి. తన ఆట తెరిస్తే మాత్రం న్యూ గేమ్ అని ఒక్క ముక్కే ఉంది. మహేష్ చెప్పింది సగం నిజమే.

మళ్లీ ఫోన్ చేసింది. ఈమె వదిలేలా లేదని అతనే వెతికి ఒక సైట్ పంపాడు. పాత కార్ట్రిడ్జ్ ఏది, కొత్తది ఏది అని సైట్ అడిగింది. నవనీత రెండూ చెప్పి, కార్డును ఫోన్‌లో పెట్టి అందులోని ఫైల్ ఎక్కించి నొక్కింది. అది ఫైల్‌ను కొత్తదానికి తగ్గట్టు మార్చి తిరిగి ఇచ్చింది. అంతే! కులం అడగలేదు, వయసు అడగలేదు, ఇన్నాళ్లూ ఏం చేశావనీ అడగలేదు. ఇలాంటి సైట్ సంసారాలకు మంచిదేనా?

మారిన ఫైల్‌తో కార్డు దూర్చి ఆట తెరిచింది. హోటల్ ఉంది. బోర్డు ఉంది. ఒడ్డున పడవ ఆగి ఉంది.

పాలకూర ఏరుతున్న గోపమ్మ మెడ చాచి చూసింది. "అయితే యాడ ఆగిందో ఆడికెల్లే నడుస్తదా?"

"ఆడికెల్లే నడుస్తదత్తమ్మా."

"మరి గా పడవాయనకు జర చాయ పొయ్యరాదు. ఎప్పటిసంది నిలవడ్డడో."

చూశారా, రోగం అత్తకూ అంటుకుంది.

సాయంత్రం సురేశ్ డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, తువాలు పట్టుకుని నిలబడ్డ నవనీత అడిగింది: "నా ఇంటర్ రెండో సంవత్సరం జువాలజీల గుండె పాఠం సగంల ఆగింది. లగ్గం కుదిరిందని కాలేజి బంద్ జేపిచ్చిండ్రు గద. ఆడికెల్లి నడిపిస్తరేమో, రేపు అడిగొద్దామా?"

సురేశ్ ముఖం తుడుచుకుంటూ నవ్వాడు. "గిప్పుడెందుకే గవన్ని? బిడ్డను మంచిగ సదివిపియ్యి. నువ్వు సదివినట్టే."

ఎంత చక్కటి న్యూ గేమ్ చూపించాడో! ఆడే బొమ్మ కూడా సరికొత్తదే. వేరే ఇల్లాలైతే దండం పెట్టి తీసుకునేది.

"గది దాని ఆట," అంది నవనీత. "నాది నాకు గావాలె."

కాబట్టి పెద్దలకు మనవి. ఆ సైట్‌ను వెంటనే మూయించండి. ఆలస్యం చేశారో, జూన్‌లో కాలేజీలు తెరుస్తారు.