భయానికి ఫోటో జతపరచవలెను

మానవజాతి భయపడటం మొదలుపెట్టిన ఇన్ని వేల ఏళ్లకు, ఆ భయాన్ని ఇకనైనా ఒక పద్ధతిలో పెట్టాలని కరెంటు ఆఫీసు నిర్ణయించింది. ఇకమీదట ఏ ఉద్యోగి అయినా 'నాకు భయమండీ' అని నోటితో చెబితే చెల్లదు. భయం ఉండేది తలలో కాబట్టి తల లోపలి ఫోటో తెచ్చి చూపించాలి. ఫోటోలో కనబడితే భయం ఉన్నట్టు, కనబడకపోతే సదరు ఉద్యోగి ఆఫీసును తప్పుదోవ పట్టించినట్టు. (ఫోటో పాస్‌పోర్టు సైజులోనే ఉండనక్కర్లేదని సర్క్యులర్‌లో స్పష్టంగా రాశారు. వాళ్లూ మనుషులే కదా.)

ఈ సర్క్యులర్‌ వల్ల మొట్టమొదట లబ్ధి పొందినవాడు మా బావ, అంటే మా అక్క భర్త. ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసి రీడింగు రాసుకునే ఉద్యోగం ఆయనది. కుక్కలంటే ఆయనకి చచ్చేంత భయం. అలాగని ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన్ని ఒక్క కుక్కా కరవలేదు. ఆయన భయమంతా అదే, ఇంకా కరవలేదని. ఒకసారి కరిచేస్తే ఆ పని అయిపోయేదని, మిగతా సర్వీసు హాయిగా గడిచేదని మాతో చాలాసార్లు అన్నాడు.

ఆయన వంతుకొచ్చిన వీధిలో నలభై ఇళ్లు, ముప్ఫై ఒక్క కుక్కలు. మీటర్లన్నీ గేటు లోపల, మెట్ల కింద. బావ కొన్నాళ్లు గేటు బయటే నిలబడి బైనాక్యులర్ పెట్టుకుని రీడింగులు రాశాడు. ఒకావిడ ఇంటికి మూడు నెలలు వరసగా రాసిన అంకె, మీటరు ముందు పెట్టిన ఆవిడ స్కూటరు నంబరని ఆ తర్వాత తేలింది. మెమో వచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఊడుతుందని అందులో ఉంది.

ఒకే ఒక్క దారి మిగిలింది. అపార్ట్‌మెంట్ల విభాగంలో ఒక ఖాళీ ఉంది. అక్కడ మీటర్లన్నీ కింద ఒకే గదిలో తాళం వేసి ఉంటాయి, కుక్కలకు ప్రవేశం లేదు. కుక్కల భయం ఉన్నట్టు నెలాఖరులోగా రుజువు చేసుకుంటే ఆ ఖాళీ బావది. చేసుకోలేకపోతే మళ్లీ పాత వీధి, కొన్నాళ్లకి ఉద్యోగం లేకుండా ఇల్లు.

అక్క ఒంటికాలి మీద లేచింది. సరాసరి కరెంటు ఆఫీసుకెళ్లి, బావ పై అధికారి ఇంజనీరుగారి గదిలోకి దూరింది.

"ఈయన ఎంత భయస్తుడో ఇరవై రెండేళ్లుగా కళ్లారా చూస్తున్నదాన్ని నేను. నన్నడిగితే రాసివ్వనూ? మధ్యలో ఫోటోలెందుకండీ?"

"మీరు చూసింది ఆయన్ని బయటినుంచమ్మా," అన్నారు ఇంజనీరుగారు ఎంతో మర్యాదగా. "మాకు లోపలినుంచి కావాలి."

అలా నేనూ బావా మెదడు చిత్రాల పరిశోధన కేంద్రానికి వెళ్లాం. (నా హోదా 'తోడు వచ్చిన ధైర్యవంతుడు'. దానికి వేరే ఫారం ఉంది.) బావ ఫారంలో ఏడో ప్రశ్న, 'మీ భయం దేని గురించి? జంతువులా, ఎత్తులా, ఇరుకు గదులా, పై అధికారులా?' పై అధికారుల పక్కన చుక్క పెట్టి, 'ఇది జబ్బు కాదు, కనుక పరిగణించబడదు' అని కింద చిన్న అక్షరాల్లో వేశారు. భయం ఉందని ఆ ఫారం మీద సంతకం పెడితే తప్ప పరిశోధనలోకి తీసుకోరు. 'నేను నిర్భయంగా ఈ యంత్రంలోకి ప్రవేశించుచున్నాను' అనే ఇంకో కాగితం మీద పెడితే తప్ప యంత్రంలోకి పోనివ్వరు. బావ రెండిటి మీదా పెట్టాడు. మొదటి సంతకం వణికింది. రెండోది అంతకన్నా ఎక్కువ వణికింది. రెండూ కలవడం లేదని గుమాస్తా ఇంకోసారి పెట్టించుకున్నాడు.

"ఇనుము ఏదీ ఉండకూడదండీ. తాళాలు, బెల్టు, అన్నీ తీసెయ్యండి," అంది యంత్రం నడిపే అమ్మాయి. బావ బెల్టు నా చేతిలో పెట్టి, ప్యాంటు రెండు చేతులా పట్టుకుని సొరంగంలాంటి ఆ యంత్రం వైపు నడిచాడు. ఆయన్ని పడుకోబెట్టి ఆ అమ్మాయి విషయం వివరించింది. తెర మీద నీలం గడి వస్తే ఏమీ జరగదు. ఎర్ర గడి వస్తే కాసేపట్లో కుక్క ఫోటో వస్తుంది.

"ఎంతసేపట్లో వస్తుందమ్మా?"

"అది చెప్పమండీ."

"చెప్పొచ్చుగా తల్లీ," అన్నాడు బావ.

"చెప్పేస్తే ఇంక పరిశోధనేముందండీ!"

అద్దం ఇవతల డాక్టరమ్మ పక్కన నన్ను కూర్చోబెట్టారు. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని పనిలో మునిగిపోయే మనిషి. మెదడులో బాదంపప్పంత భాగం ఒకటుందని, భయం వస్తే అది వెలుగుతుందని చూపించింది. ఎర్ర గడి వచ్చిన ప్రతిసారీ బావ బాదంపప్పు భగ్గుమంది. తీరా కుక్క కనబడగానే చప్పున చల్లారింది. ఆ కుక్క కూడా గుమ్మం దగ్గర పడుకుని నిద్రపోతున్న కుక్క. (అంతకన్నా భయంకరమైన ఫోటోకి నైతిక విలువల కమిటీ ఒప్పుకోలేదట.)

బావ బయటికి రాగానే డాక్టరమ్మ అడిగింది.

"కుక్క కనబడినప్పుడు మీకేమనిపించిందండీ?"

"హమ్మయ్య అనిపించిందండీ," అన్నాడు బావ.

ఈ ఒక్క మాట మా కొంప ముంచింది. అబద్ధం ఆడటం ఆ మనిషికి పుట్టుకతో రాదు. డాక్టరమ్మ మాత్రం సంతోషించింది. చాలామందికి అంతేనని, కుక్క కన్నా కుక్క వస్తుందేమోనన్నదే మనిషిని ఎక్కువ తినేస్తుందని చెప్పి, అదే రిపోర్టులో రాసింది. ఇంజనీరుగారు రిపోర్టు చదివి, రెండో వాక్యం కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, ముసాయిదా ఉత్తర్వు తయారుచేయించారు. సదరు ఉద్యోగికి కుక్క వలన భయము లేదనియు, కుక్క ఇంకను రాకపోవుట వలననే భయమనియు శాస్త్రీయముగా తేలినది. కావున రీడింగు దినమున ఆ వీధివారు తమ కుక్కలను ముందుగనే గేటు వద్ద సిద్ధముగా ఉంచవలెను. కుక్కలు లేని తొమ్మిది ఇళ్లవారు పొరుగింటినుండి తెచ్చుకొనవలెను.

అది చదివి బావ కుర్చీలో కూలబడ్డాడు. అక్క ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నొచ్చుకుని, ఎదురుచూపే ఈయన జబ్బని, దయచేసి అపార్ట్‌మెంట్లు ఇప్పించమని ఆఫీసుకు మళ్లీ రాసింది. ముసాయిదా ఆగింది. 'తుది నిర్ణయం త్వరలో తెలియజేయబడును' అని ఒక కార్డు ముక్క వచ్చింది.

'త్వరలో' అన్న మాట ఇంట్లోకి వచ్చాక బావ మనిషి కాలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడతాడు, మోగకపోతే చేతిలోకి తీసుకుని చూస్తాడు. తలుపు చప్పుడైతే పై ప్రాణాలు పైనే పోతాయి. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంటాడు.

"కుక్కలే నయంరా తమ్ముడూ," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "అవి ఎదురుగా వచ్చి మొరిగేవి."

ఆయన పరిస్థితి విని కేంద్రంవారు ఇంకో ఫోటో తీస్తామన్నారు. ఈసారి ఎర్ర గడీ లేదు, కుక్కా లేదు. ఊరికే పడుకోమన్నారు. బాదంపప్పు ఒక్క క్షణం ఆరలేదు.

"ఇంత మంచి చిత్రం నా సర్వీసులో చూడలేదండీ," అంది డాక్టరమ్మ. పాపం, ఆవిడ గొంతులో జాలి కూడా ఉంది. ఆ సాయంత్రమే ఆవిడ ఆఫీసుకు ఇంకో ఉత్తరం రాసింది. పరిశోధన పూర్తయ్యేవరకు నిర్ణయం ఏదైనా సరే ఉద్యోగికి తెలియనివ్వొద్దని. ఆఫీసు చరిత్రలో తమ ఆలస్యాన్ని ఒకరు కోరి అడగడం అదే మొదటిసారి. ఆ ఉత్తరానికి ఇంజనీరుగారు ఫ్రేము కట్టించారు.

రెండు వారాలు ఓపిక పట్టి నేనే వెళ్లి అడిగాను. ఇంజనీరుగారు సొరుగు లాగి, అంటించిన కవరు ఒకటి చూపించారు.

"వారం కిందటే సంతకమైపోయిందండీ. మీ బావగారికి అపార్ట్‌మెంట్లే ఇచ్చాం."

నా ప్రాణం లేచొచ్చింది. "మరి ఆ ముక్క ఆయనకి చెప్పొచ్చు కదండీ! అక్కడ చిక్కి సగమైపోయాడు!"

"ఎలా చెప్తామండీ? చెబితే ఆయన భయం పోతుంది. భయం లేనివాళ్లకి అపార్ట్‌మెంట్లు ఇవ్వకూడదని రూలు."

ఇక ఆయనతో మాట్లాడి లాభం లేదని, రూలూ గీలూ జాన్తా నై అనుకుని, ఆటో ఎక్కి నేరుగా అక్క ఇంటికి వెళ్లాను. బావ వీధి గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"బావా, వచ్చేసింది! అపార్ట్‌మెంట్లే! సంతకం కూడా అయిపోయింది, నా కళ్లతో చూశాను!"

అక్క లోపలినుంచి పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుని వలవలా ఏడ్చేసింది. బావ లేచి నిలబడ్డాడు. పెదాలు తడుపుకున్నాడు.

"ఎప్పుడు రద్దు చేస్తారట?" అన్నాడు.

ఆఫీసువారు కంగారుపడనక్కర్లేదు. ఆయన అర్హత చెక్కుచెదరలేదు.