ఎడ్ల రిలేషన్లు

చోడవరం రైతు పశుక్షేమ సంఘంలో ఇకమీదట ఏ సంగతీ రెండోసారి రాయబడదని అధ్యక్షులు బంగార్రాజుగారు 1973 వేసవిలో ప్రకటించారు. ఆ ప్రకటనను మాత్రం రిక్షాకి మైకు కట్టించి ఊరంతా పదేపదే చదివించారు.

ఈ ఘనత తెచ్చిపెట్టినవాడు సంఘం గుమాస్తా గణపతిరావు. అంతవరకూ లెక్కలన్నీ ఒకే ఒక్క షీటు మీద ఉండేవి. రైతు పేరు, ఊరు, పొలం, సంఘం ఉచితంగా ఇచ్చిన ఎద్దు, దాని రంగు, అన్నీ ఒకే వరసలో. రెండో ఎద్దు ఇస్తే పక్కన ఇంకో కాగితం అంటించేవారు. అంటించగా అంటించగా ఆ షీటు వరండా దాటి మెట్లు దిగింది. ఎవరి సంగతైనా చూడాలంటే గణపతిరావు పంచె ఎగ్గట్టి దానిమీద పాకేవాడు.

అలాంటివాణ్ణి హైదరాబాదులో ట్రైనింగుకి పంపారు. అక్కడ కంప్యూటరుని అద్దం అవతలినుంచి చూపించి, మిగతాది బోర్డు మీద చెప్పారు. రైతులకొక పట్టిక, ఎడ్లకొక పట్టిక. ప్రతి రైతుకీ ఒక నంబరు. పేరు రైతుల పట్టికలో ఒక్కచోటే ఉంటుంది, ఎడ్ల పట్టికలో నంబరు వేస్తే చాలు. దీన్ని రిలేషనల్ పద్ధతి అంటారు. గణపతిరావుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తిరిగొచ్చి ఎడ్లకొకటి, రైతులకొకటి రెండు చెక్కపెట్టెలు చేయించి, వాటినిండా కార్డులు పేర్చాడు. పెళ్లిళ్ల పేరయ్య సంబంధాలు కుదిర్చినట్టు ఒక్కో ఎద్దుకీ ఒక్కో నంబరు కుదిర్చాడు. బంగార్రాజుగారికి పద్ధతి వివరించబోతే ఆయన నవ్వారు.

“రిలేషన్ల సంగతి నాకు సెప్పాలేటి గణపతీ? సంఘంలో సగంమంది నా రిలేషన్లే.”

ప్రారంభోత్సవానికి ఉపమంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించి, సభలో ఎవరైనా ఏదైనా ప్రశ్న అడగవచ్చని సెలవిచ్చారు. చీడికాడనుంచి వచ్చిన రాజులమ్మ లేచింది.

“ఏరువాక వచ్చేస్తంది బాబూ. నా జతలో ఒకటి సచ్చిపోనాది. మా ఊరికి ఎడ్లొచ్చేయంటన్నారు. ఎవులికిచ్చేరో సూసి సెప్పండి.”

గణపతిరావు ఉత్సాహంగా చీడికాడ ఎడ్ల కార్డులు తీశాడు. మొదటి ఎద్దు, పదిహేడో నంబరు రైతు. రెండోది, పదిహేడు. మూడోదీ పదిహేడే. ఎక్కడా తేడా రానందుకు ఉపమంత్రిగారు చప్పట్లు కొట్టారు. గణపతిరావు రెండో పెట్టెలోంచి పదిహేడో కార్డు లాగి, చదవబోయి ఆగిపోయాడు. పరదేశి. బంగార్రాజుగారి బావమరిది, విశాఖపట్నంలో లారీలు తిప్పుకుంటున్నాడు. కార్డులు నింపేటప్పుడు గణపతిరావు ఒక్కో ఎద్దునే చూశాడు. అన్నీ ఒకే మనిషి గుమ్మానికి చేరడం ఇప్పుడే చూశాడు.

బంగార్రాజుగారు కార్డు మీదికి వంగి చూసి, ఆ పేరు మార్చాలంటే ఎన్నిచోట్ల దిద్దాలని మెల్లగా అడిగారు.

“ఒక్కచోటేనండి,” అన్నాడు గణపతిరావు. భయంలోనూ గొంతులో కాస్త గర్వం పలికింది.

అధ్యక్షులవారు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. గణపతిరావు ఇంట్లోవాళ్లని తలుచుకున్నాడు, ఉద్యోగాన్ని తలుచుకున్నాడు. పరదేశిని కొట్టేసి, ఎదురుగా నిలబడ్డ మనిషి పేరే రాసి, పైకి చదివాడు. పదిహేడో నంబరు, చీడికాడ రాజులమ్మ.

హాలు దద్దరిల్లింది. ఒక్క నిరుపేద మహిళకి ఇన్ని ఎడ్లిచ్చిన సంఘం దేశంలో మరొకటి లేదన్నారు ఉపమంత్రిగారు. రాజులమ్మ మెడలో బంతిపూల దండ వేశారు. ఈ పద్ధతిని జిల్లా అంతటా పెట్టాలని, గణపతిరావుని సూపరింటెండెంటుని చెయ్యాలని అక్కడికక్కడే ఉత్తర్వు చేశారు.

కార్లు వెళ్లిపోయాక రాజులమ్మ దండతోనే బల్ల దగ్గరికి వచ్చింది.

“సంతోషం బాబూ. నాకన్నెందుకు గానీ, ఒకదాన్ని తోలుకుపోతాను. ఎవుల సాలలో కట్టేరేటి?”

గణపతిరావు మొదటి పెట్టె వెతికాడు. రెండో పెట్టె వెతికాడు. తర్వాత రెండు మూతలూ జాగ్రత్తగా వేశాడు.

“ఎద్దు ఎక్కడుందో రాసే పట్టిక ఇంకా తయారుచెయ్యలేదమ్మా,” అన్నాడు.