అక్క కిడ్నీతో వచ్చే మనశ్శాంతి

మనశ్శాంతి కోసం కొండలెక్కి గుహల్లో కూర్చునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. అంత కష్టం ఎందుకండీ? శుభ్రంగా ఓ కిడ్నీ మార్పిడి చేయించుకోండి!

నవ్వకండి. వచ్చే వారం నాకు అదే ఆపరేషన్. తర్వాత క్రిములు సోకకుండా వారాల తరబడి ఆస్పత్రిలో ఒంటరి గది. పరామర్శలు నిషేధం! పూలు నిషేధం, పళ్ళ బుట్టలు నిషేధం. తప్పనిసరై లోపలికి వచ్చేవాళ్ళు కూడా మాస్కు తగిలించుకుని, దూరంగా నిలబడి, రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోవాలి. చుట్టాల విషయంలో ఇంత చక్కటి చట్టం ఏ ప్రభుత్వమైనా తెచ్చిందా?

ఆ గది విలువ తెలియాలంటే ఇప్పుడు మా హాలు చూడాలి. నన్ను ఆస్పత్రికి పంపడానికి అక్కడ రోజూ మహాసభ జరుగుతోంది. మా ఆవిడ ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగి, తుడిచి, మళ్ళీ కడుగుతోంది. నేను కాలు కింద పెడితే చాలు, వెనకాలే తడిగుడ్డ వస్తుంది. పక్కింటాయన గాలి దిండు తెచ్చిచ్చాడు. ఊదితే నిండదు, నిండితే ఆగదు. మా బావమరిది ఫోన్లో వీడియోలు చూసి ముప్పాతిక డాక్టరయ్యాడు. "ఎడమ కిడ్నీయే అడుగు బావా, దానికి మైలేజ్ ఎక్కువ!" అన్నాడు చెవిలో.

మా ఎడిటర్ గారు మరీ మంచివారు. "కంగారేం లేదండీ, మీరు నిక్షేపంలా తిరిగొస్తారు. ఎందుకైనా మంచిది, ఓ పది కాలమ్స్ రాసిచ్చి వెళ్ళండి" అన్నారు.

సూట్‌కేసు సంగతి చెప్పనక్కర్లేదు. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, నా చొక్కాలకే చోటు లేని దాంట్లోకి టేబుల్ ఫ్యానూ, చదరంగం బోర్డూ ఎక్కాయి. ఒంటరి గదిలో చదరంగం ఎవరితో ఆడాలి? అడిగితే, "మంచికి పోతే చెడు ఎదురైంది" అని బావమరిది అలిగాడు. చివరికి ఆస్పత్రి నర్సమ్మ ఫోన్ చేసి, ఉతకడానికో తుడవడానికో వీలైనవే తీసుకురమ్మంది. సగం సామాను దిగింది. మా ఆవిడ తడిగుడ్డతో నా వైపు అదోలా చూసింది.

ఇంతకీ కిడ్నీ ఇస్తున్నది మా అక్క. పరీక్షల్లో తన కిడ్నీ నాకు సరిపోతుందని తెలిసిన రోజు నుంచి ఆవిడ నోటికి తాళం లేదు.

"ఒరేయ్, నీళ్ళు తాగావా? అర్ధరాత్రి దాకా ఆ టీవీ ఏంట్రా? నా కిడ్నీ పెందలాడే పడుకోవడానికి అలవాటు పడింది. నా దగ్గర దర్జాగా బతికింది. నీ దగ్గరికొచ్చి చిక్కిందని తెలిస్తే ఊరుకోను!"

కూతుర్ని అత్తారింటికి పంపే తల్లి కూడా ఇన్ని షరతులు పెట్టదు. అయితేనేం? ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఓ గదిలో, నేనో గదిలో. నా గదిలోకి ఆవిడకీ ప్రవేశం లేదు! పుట్టి బుద్ధెరిగాక అక్క తిట్టని రోజు నాకు గుర్తులేదు. అలాంటిది వారాల తరబడి సెలవు! ఇది వరం కాక మరేమిటి?

నిన్న సాయంత్రం సూట్‌కేసు జిప్పు పడకపోతే అక్కే దాని మీద ఎక్కి కూర్చుంది. నేను జిప్పు లాగుతూ యథాలాపంగా అడిగాను.

"నీ బ్యాగేదే అక్కా?"

"నాకెందుకురా బ్యాగు? ఇచ్చి రావడానికేగా వెళ్తున్నా. వచ్చేటప్పుడు బరువు తగ్గేదే గానీ పెరిగేది కాదు."

గాలి దిండు దగ్గర్నుంచి చదరంగం దాకా ఆలోచించిన మహాసభలో ఆవిడకో తువ్వాలు సర్దాలని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

"మత్తిస్తారుగా, నొప్పి తెలీదంటావా?" అంది అక్క, జిప్పు వైపే చూస్తూ. చిన్నప్పుడు సూదిమందంటే మంచం కింద దూరిన మనిషి. అప్పుడు నాకు భయం వేసింది. నా గురించి కాదు.

ఇవాళ పొద్దున నర్సమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "ఇంకేమైనా సందేహాలున్నాయా సార్?"

"మా అక్క గది నా గదికి ఎంత దూరం అమ్మా?"

"వేరే అంతస్తు సార్. ఆవిడ గొంతు మీకు అస్సలు వినిపించదు. పూర్తి ప్రశాంతత!"

"అదేనమ్మా నా బాధ. ఆవిడకి మెలకువ రాగానే నన్ను తిట్టిందో లేదో కనుక్కుని చెప్పు. తిట్టకపోతే మాత్రం వెంటనే డాక్టర్ని పిలువు!"