మా కుళాయికి మహాసముద్రమే దిక్కు

ఎల్ నినోని ఎవరైనా తిడితే నేనూరుకోను. మన ఊరికి అంతటి ఉపకారి మరొకరు లేరు!

ఎక్కడో మహాసముద్రం నడిమధ్యన నీళ్లు కాస్త వేడెక్కుతాయి. దాంతో గాలులు దారి మళ్లుతాయి, మేఘాలు మనకు ముఖం చాటేస్తాయి, ఏరు చిక్కిపోతుంది, మా మూడో అంతస్తు కుళాయి బుస్సుమని గాలి వదులుతుంది. ఇదంతా శాస్త్రం. ఇది తెలియక ఒకప్పుడు నీళ్ల ఆఫీసువాళ్లను తిట్టుకున్నాం. ఎంత అజ్ఞానం!

రెండేళ్ల కిందట ఆ ఆఫీసువాళ్లే వివరించి చెప్పడంతో అందరికీ జ్ఞానోదయమైంది. మావాడు స్నానం ఎగ్గొట్టి ఎల్ నినో అంటాడు. లాండ్రీ ఆయన నా తెల్లచొక్కాను గోధుమరంగులో తెచ్చిచ్చి, "సముద్రం బాలేదు సార్" అంటాడు. వీధి మలుపులో పగిలిన మెయిన్ పైపుకి మాత్రం కరువొచ్చిందని ఎవరూ చెప్పలేదేమో, పాపం, రాత్రింబవళ్లు పారుతూనే ఉంది.

మా ఆవిడకు సైన్సంటే గౌరవం లేదు. వీధిలో ట్యాంకర్ దగ్గర్నుంచి మూడంతస్తులూ బకెట్లు మోసి మోసి కుడిభుజం పట్టేసింది. ఇంకా బరువులెత్తితే చెయ్యి పైకి లేవదన్నాడు డాక్టరు. నేను మోస్తానంటే, సగం నీళ్లు మెట్లమీదే ఒలకబోస్తానని ఒప్పుకోదు. ఆవిడ జడ వేసుకోలేక అవస్థపడుతుంటే నాకు బాధేస్తుంది.

ఈమధ్య వానలు దంచికొట్టాయి. ఏరు నిండింది. కుళాయి మాత్రం గాలే వదిలింది. నిన్న మా ఆవిడ రెండు ఖాళీ బకెట్లు పట్టుకుని నీళ్ల ఆఫీసుకు బయల్దేరింది. వెనకాలే నేనూ వెళ్లాను.

"ఏరు నిండుగా పారుతోంది కదండీ, ఇంకా ఎల్ నినో ఏంటి?" అని అడిగింది.

"అది పోయిందమ్మా, లా నినా వచ్చింది. సముద్రం చల్లబడింది" అన్నారు అక్కడి ఇంజనీరుగారు ఓపిగ్గా. "వరదనీళ్లలో బురదెక్కువ. అందుకని మోటార్లు ఆపేశాం."

"మరి సముద్రం వేడీ కాకుండా, చల్లగా కూడా లేకుండా మామూలుగా ఉంటే?"

ఇంజనీరుగారు కాస్త ఆలోచించారు. "అప్పుడు మెయింటెనెన్సమ్మా."

మా ఆవిడ బకెట్లు రెండూ ఆయన బల్లమీద పెట్టింది. "నిండాక ఇంటికి పంపించండి. మూడో అంతస్తు" అని చెప్పి వచ్చేసింది.

ఇవాళ ఇంట్లో బకెట్లు లేవు, కాబట్టి మోసే పనీ లేదు. ఆవిడ భుజానికి ఇన్నాళ్లకు కాస్త విశ్రాంతి దొరికింది. చూశారా, ఇదీ సముద్రం చలవే!

మలుపులో పైపు సంగతంటారా? దానికి అతుకెయ్యాల్సింది కూడా సముద్రమేనని మన నీళ్ల ఆఫీసు నమ్మకం. వస్తుంది, కంగారుపడకండి.