కుంటడం నేర్చుకున్న పదహారు మంది

ఒక పెద్ద అడవిలో మంచి పథకాలకు ఎప్పుడూ కొదవ లేదు. కొదవల్లా అవి అందాల్సిన వాళ్ళకు అందడానికే.

ఆ పథకాల్లో కొత్తది ప్రత్యేక శిశు సేవా కేంద్రం. పుట్టుకతో కాలో, చెవో, చూపో సరిగా లేని పిల్లలకూ వాళ్ళ తల్లిదండ్రులకూ కావలసిన సాయమంతా ఒకేచోట దొరకాలని అడవి మండలి తీర్మానించింది. కేంద్రాన్ని రాళ్ళకొండ కొసన కట్టారు. అక్కడి నుంచి అడవి చక్కగా కనిపిస్తుందని ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలందరూ మెచ్చుకున్నారు. నడవలేని పిల్లలు అంత పైకి ఎలా ఎక్కుతారని ఎవరూ అడగలేదు. అడగగలిగిన వాళ్ళు కొండ కిందే ఉండిపోయారు.

కొండ కింద వాగు పక్కన పొగడ అనే చుక్కల దుప్పి ఉండేది. దాని కూతురు రేగుకు ముందరి ఎడమ కాలు పుట్టుకతోనే లోపలికి ముడుచుకుపోయి ఉంది. గిట్ట నేలకు ఆనదు. మూడు కాళ్ళ మీద గెంతుతూ తల్లి వెంట తిరిగేది.

ఏటా ఎండలు ముదిరి వాగు ఎండిపోగానే పెద్ద ఏటి అవతలికి దుప్పుల మంద వలస పోయేది. రెండు రోజుల నడక. దారి పొడుగునా మంద వెనకే చిరుత ఉంటుంది కాబట్టి ఎవరికోసమూ ఆగరు.

మంద పెద్ద పొగడను పిలిచి మెల్లగా చెప్పింది. "ఇప్పపూలు రాలడం అయిపోయేలోగా పిల్ల నడక కుదిరితే మంచిదే. లేకపోతే ఏం చేస్తావో నువ్వే ఆలోచించుకో తల్లీ."

పొగడకు ఆలోచించుకోవడానికి ఏమీ లేదు. పిల్లను వదిలి అది వెళ్ళదు. మంద వెళ్ళిపోయాక ఎండిన వాగు పక్కన మూడు కాళ్ళ పిల్లతో ఒంటరిగా మిగిలిన తల్లి గతి ఏమిటో ఆ అడవిలో పుట్టిన ప్రతి దుప్పికీ తెలుసు. ఉన్నది రెండు నెలలు.

"కేంద్రానికి పోయి అడుగుదామనుకుంటున్నా వదినా," అంది పొరుగున ఉండే ముళ్ళపందితో.

"పో. ఎందుకు పోవద్దంటాను? మా వాడికి చెవులు వినపడవని నేను కబురు పెడితే వాళ్ళే మా బొరియ దాకా వచ్చారు. బయట నిలబడి పేరు పెట్టి మూడుసార్లు పిలిచారట. వీడు పలకలేదు. 'ఇంట్లో లేడు' అని రాసుకుని పోయారు."

పొగడ, రేగు కొండెక్కడానికి సగం రోజు పట్టింది. పైకి చేరేసరికి రేగు మోకాలు చెక్కుకుపోయింది. గుమ్మంలో గుమాస్తా తొండ కూర్చుని ఉంది.

"అయ్యా, మా అమ్మాయి కాలికి ఏదైనా సాయం చేస్తారని వచ్చాం."

తొండ తల ఊపింది.

"రెండు నెలల్లో మంద కదిలిపోతుంది. ఆలోగా కావాలి."

తొండ మరింత గట్టిగా తల ఊపింది. పొగడ ప్రాణం లేచివచ్చింది. తొండలు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, అసలు వినకపోయినా తల ఊపుతూనే ఉంటాయని దానికి ఇంకా తెలియదు. సాయంత్రం దాకా ఊపి, చివరికి తొండ అంది: "చూడమ్మా, ఇక్కడికి రాలేని పిల్లల కోసం పెట్టిన కేంద్రం ఇది. మీ అమ్మాయి వచ్చేసిందిగా."

కేంద్రంలో పని తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, గిజిగాడు. పీచుతో ముడులు వేయడంలో దాని తర్వాతే ఎవరైనా. అది చూరు మీద నుంచి దిగి రేగు కాలిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వెదురు బద్దలు పెట్టి ఈత నారతో కట్టు కట్టాలి. రోజూ ఓ పూట నడిపించాలి. వారానికోసారి కట్టు సరిచేయాలి. రెండు నెలల్లో గిట్ట నేల పట్టేస్తుందమ్మా."

"అయితే కట్టు బాబూ."

"సర్టిఫికెట్ లేకుండా కడితే నా గూడు పీకి అవతల పారేస్తారు. నేను పర్మనెంటు కాదు. ముందు కాళ్ళ స్పెషలిస్టు చూడాలి."

కాళ్ళ స్పెషలిస్టు కొండచిలువ. దాన్ని కలవడానికి పొగడ పిల్లతో మళ్ళీ కొండెక్కింది. కొండచిలువ ముందు బిడ్డను నిలబెట్టడం ఏ దుప్పికీ ఇష్టమైన పని కాదు. కానీ వేరే స్పెషలిస్టు లేదు.

కొండచిలువ రేగును తలనుంచి తోక దాకా చూసింది. ఆ చూపులో వైద్యం ఎంతో, ఆకలి ఎంతో పొగడకు అర్థం కాలేదు.

"కాళ్ళు ఎన్ని?"

"నాలుగు సార్. ఒకటి పని చేయదు."

"మూడు చేస్తాయిగా. నాకు ఒక్కటీ లేదు. నేను తిరగడం లేదా? తినడం లేదా?" కొండచిలువ నిట్టూర్చింది. "మీ పిల్లది వైకల్యం కాదమ్మా, గారాబం. అయినా సరే, పద్ధతి ప్రకారం చుట్టుకొలత తీస్తాను. దగ్గరికి పంపు."

"చుట్టుకొలతా?"

"చుట్టుకుంటేగా కొలత తెలిసేది."

పొగడ పిల్లను వెనక్కి లాక్కుంది. కొండచిలువ చెప్పగా తొండ రాసింది: వైకల్యం లేదు. తల్లి సహకరించలేదు.

అప్పటికే మూడు వారాలు గడిచిపోయాయి. ఇప్పచెట్లు ఆకు రాల్చి మొగ్గ తొడిగాయి. పొగడ మూడోసారి కొండెక్కింది, డైరెక్టర్ ఎలుగుబంటి కాళ్ళ మీద పడదామని.

పైన ఆ రోజు సందడిగా ఉంది. కేంద్రం ముందు మైదానంలో పదహారు పిల్లలు వరసగా కుంటుతున్నాయి. అన్నీ కేంద్రంలోనూ మండలిలోనూ పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళ పిల్లలే. డైరెక్టర్ కొడుకు బొంతడు అందరికంటే ముందు, తేనె తాగి బలిసిన కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. కొండచిలువ పిల్లలు మాత్రం కుంటడానికి కాళ్ళు లేక తప్పించుకున్నాయి. నెమలి పక్కన నిలబడి తాళం వేస్తోంది.

"ఒకటి, రెండు, ఈడ్చు. ఒకటి, రెండు, ఈడ్చు. మొహంలో బాధ కనపడాలి నాయనా, నవ్వకు." దాని చూపు రేగు మీద పడింది. "ఈ పిల్ల ఎవరు? దీనికి కుంటడం సరిగ్గా రాదే. లయ తప్పుతోంది."

"ఏం జరుగుతోంది సార్ ఇక్కడ?" పొగడ ఎలుగుబంటిని అడిగింది.

"రేపు ఏనుగు గారు తనిఖీకి వస్తున్నారమ్మా. కేంద్రం పెట్టి ఏడాదైంది. చూపించడానికి ఒక్క పిల్లా లేదు."

"కొండ కింద బోలెడు మంది ఉన్నారుగా. నిజంగా కుంటేవాళ్ళని పిలవొచ్చుగా?"

ఎలుగుబంటి జాలిగా చూసింది. "పిలిస్తే మాత్రం ఎలా వస్తారమ్మా? వాళ్ళు కొండెక్కలేరు. అదేగా వాళ్ళ సమస్య."

అంతలో కింద చెట్లు ఊగాయి. ఏనుగు ఒక రోజు ముందే వచ్చేసింది. ఎలుగుబంటి పొగడనీ రేగునీ ఒక బండ వెనక్కి నెట్టింది. "ఈ పిల్ల కనపడిందంటే వరస పాడైపోతుంది. కదలకండి."

ఆ ఏనుగుకు రెండు లోపాలున్నాయని కేంద్రంలో చెప్పుకునేవాళ్ళు. ఒకటి, చూపు ఆనదు. రెండు, ఏదీ మరిచిపోదు. లంచం తీసుకోదనేది మూడోదిగా లెక్కపెట్టేవాళ్ళూ ఉన్నారు.

పదహారు పిల్లలూ దాని ముందు నుంచి కుంటుతూ పోయాయి. ఏనుగు చిన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ముందున్న ఆ నల్లటి పిల్లాడు ఎవరు?"

"నా సొంత కొడుకు సార్," అంది ఎలుగుబంటి తల వంచుకుని. "నా బాధ నేను దిగమింగుకుని అడవి పిల్లల కోసం పాటుపడుతున్నాను."

ఏనుగు తొండంతో దాని భుజం తట్టింది. "గొప్పవాడివయ్యా. సరే, వీళ్ళకు ఏం చికిత్స చేస్తున్నారు? కట్లేవీ?"

పది రోజులుగా పిల్లలకు కుంటడం నేర్పారే తప్ప, కుంటే పిల్లలకు కేంద్రం ఏదో ఒకటి చేయాలన్న సంగతి ఆ కొండ మీద ఒక్కరికీ తట్టలేదు. తొండ తల ఊపింది.

"ఇంకా కట్టలేదన్నమాట," అంది ఏనుగు. "ఫరవాలేదు. ఇవాళే కట్టండి, పదహారు మందికీ. వర్షాలు పడేదాకా నేను ఇక్కడే ఉంటాను. రోజూ పొద్దున ప్రతి పిల్లనీ నా కళ్ళ ముందు నడిపించాలి."

బండ వెనక నుంచి పొగడ చూస్తుండగానే గిజిగాడు పదహారు మంచి కాళ్ళకు పదహారు కట్లు బిగించింది. ఈత నార అంతా అయిపోయింది.

పొగడ పిల్లను తీసుకుని దిగిపోయింది. దారిలో రేగు అడిగింది: "అమ్మా, వాళ్ళందరికీ కాళ్ళు బాగా లేవా?"

"బాగానే ఉన్నాయమ్మా."

"మరి నాకెందుకు కట్టలేదు?"

"నీకు లయ లేదటగా. చూసి అడుగెయ్యి."

ఐదు రోజుల తర్వాత మధ్యాహ్నం వేళ ఎలుగుబంటి రొప్పుకుంటూ వాగు దగ్గరికి వచ్చింది. వెనకాల తొండ. ఎలుగుబంటి చెవి చీరుకుపోయి ఉంది. భార్య కరిచిందని అడవంతా అప్పటికే తెలుసు. బొంతడి కాలు కట్టు కింద వాచిపోయింది. పొద్దస్తమానం ఏడుపు. కట్టు విప్పితే ఏనుగు అడుగుతుంది.

"అమ్మా పొగడా, ఒక ఉపకారం చేసిపెట్టాలి. మా వాడి బదులు మీ అమ్మాయిని రోజూ పొద్దున పంపాలి. వాడి కట్టే విప్పి కట్టిస్తాం, నడిపిస్తాం. ఏనుగు గారికి చూపు ఆనదు."

"మా అమ్మాయికి వైకల్యం లేదని రాశారుగా సార్?"

"అది రేగు ఫైలమ్మా. ఇది బొంతడి ఫైలు."

పొగడ కాసేపు గడ్డి నమిలింది. "మా పిల్ల రోజూ కొండెక్కలేదు."

"ఎక్కించే పూచీ నాది."

"దించేది?"

"అదీ నాదే."

"ఎలా?"

ఎలుగుబంటి తన వీపు వైపు చూసుకుంది. తొండ తల ఊపింది. కేంద్రం పెట్టాక తొండ తల ఊపినట్టే జరిగిన పని అదొక్కటే.

మర్నాడు మొదలు అడవి ఒక వింత చూసింది. ఎలుగుబంటి వీపు మీద దుప్పి పిల్ల కొండెక్కుతోంది. తక్కిన పదిహేను మంది పెద్దలు కూడా కొండ కింది గుబుర్లలో, బొరియల్లో వెతికి తలా ఒక పిల్లను ఎత్తుకొచ్చుకున్నారు. వాటా ఆలస్యంగా అడిగిన నక్కకు ముళ్ళపంది కొడుకు మిగిలాడు. నక్క దారి పొడుగునా మూలుగుతూ మోసేది. వాడికి లోపం చెవిలో, కట్టు కాలికి. జాబితాలో కాళ్ళే ఉన్నాయి మరి.

"నీ కొడుకు తెల్లబడ్డాడేం?" అని ఒక రోజు ఏనుగు అడిగింది.

"కట్టు గుణం సార్."

"ఈ చుక్కలేమిటి?"

"ఎండ దెబ్బ సార్," అంది కొండచిలువ స్పెషలిస్టు హోదాలో.

గిజిగాడు మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా రేగు కట్టు విప్పి, సరిచేసి, మళ్ళీ కట్టేది. తన ముక్కుతో నేల మీద గీత గీసి రేగును దాని వెంట నడిపించేది. మూడో వారంలో గిట్ట కొస నేలకు తగిలింది. నొప్పికి రేగు అరిచింది. పొగడ మొహం పక్కకు తిప్పుకుంది, కానీ ఆపమనలేదు. ఐదో వారానికి గిట్ట మొత్తం ఆనింది.

ఏనుగు సంతోషానికి అంతులేదు. "నేను చాలా కేంద్రాలు చూశాను. డైరెక్టరే పిల్లల్ని వీపున మోయడం ఎక్కడా చూడలేదు. ఇక నుంచి ఇదే నిబంధన. ఈ పదహారు మంది పిల్లల్నీ ఈ పదహారు మందే మోయాలి. నేను ఉన్నన్నాళ్ళూ రోజూ చూస్తాను. ఏటా వచ్చి కూడా చూస్తాను."

అది ఏదీ మరిచిపోదని అందరికీ గుర్తొచ్చింది.

ఇప్పపూలు రాలడం అయిపోయింది. మంద కదిలే రోజు పొద్దున్నే పొగడ కేంద్రానికి వెళ్ళింది. రేగు ఎదిగే కొద్దీ కట్టు మార్చాలి, ఏటి అవతల ఉన్న ఇలాంటి కేంద్రంలో చూపించడానికి ఒక కాగితం కావాలి.

"రేగు పేరుతో మా దగ్గర ఏమీ లేదమ్మా," అంది తొండ. "బొంతడి పేరు మీద ఉంది."

"అదే ఇవ్వండి."

"తల్లి సంతకం కావాలి."

"నేనే బొంతడి తల్లిని," అంది పొగడ. గిట్టతో గుర్తు వేసి కాగితం నోట కరుచుకుంది.

పక్కనే నిలబడ్డ ఎలుగుబంటి మొహం వాడిపోయింది. "ఇవాళే వెళ్ళిపోతారా? వర్షాలు పడటానికి ఇంకా నెలుంది. రేపు పొద్దున నేను ఎవర్ని మోయను?"

పొగడ నోట్లో కాగితం ఉంది. జవాబు చెప్పడానికి వీలు కాలేదు.

"పేరు కొట్టేయండి," ఎలుగుబంటి కొండచిలువతో గుసగుసలాడింది. "మా వాడికి నయమైందని రాయండి."

"శాశ్వత వైకల్యం అని రాశాను సార్. మీరే రాయమన్నారు. మార్చాలంటే ఏనుగు గారు పిల్లాణ్ణి తొండంతో తడిమి చూడాలి. ఇన్నాళ్ళూ మోసింది ఎవర్ని అని అడిగితే ఏం చెబుతారు?"

సాయంత్రానికి మంద ఏటి వైపు దిగింది. రేగు మంద చివర కాదు, నడిమధ్యన నడుస్తోంది. కట్టు కట్టిన కాలు కాస్త ఆలస్యంగా పడుతోంది, కానీ నేల మీదే పడుతోంది. మర్నాడు పొద్దున ఏటి దారి నుంచి పొగడ ఒకసారి వెనక్కి చూసింది. దూరాన రాళ్ళకొండ మీద ఒక నల్లటి ఆకారం, దాని వీపు మీద దానంత నల్లటి ఆకారం, ఆగి ఆగి పైకి పాకుతున్నాయి. పైన ఏనుగు ఎదురు చూస్తోంది.

నీతి: నడవలేని పిల్లలకు సేవలు సక్రమంగా అందాలంటే, ముందు అధికారుల పిల్లలు బాగా కుంటాలి.