తొమ్మిదో నంబరు లాగ్

గత పదిహేను నెలల్లో పురపాలక కార్యాలయానికి ఒక్క ఫిర్యాదైనా రాలేదని కమిషనరుగారు సగర్వంగా ప్రకటించారు. ప్రకటనను గేటు పక్కన అంటించారు. ఫిర్యాదులు పంపినవాళ్లే నిలబడి దాన్ని చదివారు. చదివి, ఇదెక్కడి చోద్యమని ఇంకో ఫిర్యాదు పంపారు. అది కూడా రాలేదు.

ఇందులో అబద్ధమేమీ లేదు. కమిషనరుగారికి అబద్ధమాడే అవసరం రానివ్వని యంత్రం ఒకటి ఆ కార్యాలయంలో ఉంది. బయటినుంచి వచ్చే ప్రతి మెయిలునూ అది ముందు వాసన చూస్తుంది. లాటరీ తగిలిందనేవి, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనేవి ఏరి చెత్తలో పడేయడం దాని ఉద్యోగం. ఏది చెత్తో దానికి పుట్టుకతో తెలియదు, పెద్దలు నేర్పాలి. కమిషనరుగారు ఒక మెయిలు తెరిచి "చెత్త" అనే మీట నొక్కితే అందులోని మాటల్ని గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ అలాంటి మాటలు కనబడితే పాయింట్లు వేస్తుంది. ఐదు పాయింట్లు దాటిన మెయిలు గడప దాటదు.

ఆ యంత్రానికో కాపరి ఉన్నాడు. విరిగిన కుర్చీలు పడేసే గది ఖాళీ చేసి యంత్రానికిచ్చారు. అది వేడెక్కకూడదని ఏసీ పెట్టారు. మనిషి గడ్డకట్టకూడదనే నిబంధన ఎక్కడా లేదు గనక అతను మండుటెండల్లో కూడా మెడకి మఫ్లరు చుట్టుకుని కూర్చునేవాడు. అందరూ అతన్ని మఫ్లరనే పిలిచేవారు.

మఫ్లరు కూతురు బళ్లో నాలుగో తరగతి. ఆ తరగతి గది వెనక గోడ పిల్లల మీదికి ఒరుగుతోంది. మొదట్లో గోడ పగుల్లో పిల్లలు పెన్సిలు దాచుకునేవారు. ఇప్పుడు టిఫిన్ డబ్బా పడుతోంది. మఫ్లరు భార్య ఆ సంగతి రాసి పురపాలక కార్యాలయానికి పదకొండు మెయిళ్లు పెట్టింది.

"మీరుండే ఆఫీసుకే పెట్టాను. ఒక్కదానికి దిక్కు లేదు. ఏం కాపలా అండీ మీది? పిల్ల కూర్చునేది ఆ గోడ పక్కనే," అని ఆవిడ రోజూ అన్నంతో పాటు వడ్డించేది.

ఆ మెయిళ్లు ఎందుకు పోతున్నాయో మఫ్లరుకీ తెలియదు. ఏ మెయిలును ఎందుకు పడేసిందో యంత్రం వరసగా రాసిపెట్టుకోగలదు. దాన్నే లాగ్ అంటారు. యంత్రం వచ్చిన రోజే లాగ్ అనవసరమని ఆపేయించారు. రాసుకునే అలవాటు ఎవరికైనా ప్రమాదమేనని అప్పట్లో పెద్దలకు తోచింది.

ఇంతలో అదృష్టం తన్నుకొచ్చింది. ప్రతి కార్యాలయం లాగ్ ఉంచి తీరాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. వెంటనే ముగ్గురు సభ్యులతో సంఘం వేశారు. లాగ్ ఎంత వివరంగా ఉండాలో సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకెతో యంత్రానికి చెప్పాలి. సున్నా అంటే ఏమీ రాయదు. మూడు అంటే అవసరమైనంత. తొమ్మిది అంటే తుమ్మినా దగ్గినా రాస్తుంది. యంత్రం జబ్బుపడితే దాన్ని తయారుచేసినవాళ్లు చూసుకోవడానికి తప్ప అది ఎవరికీ అక్కర్లేదు. మఫ్లరు మూడు చాలని రాసిచ్చాడు. సంఘం నాలుగుసార్లు కూర్చుని, పక్క ఊరి కార్యాలయం ఏడు పెట్టుకుందన్న రహస్య సమాచారం సంపాదించింది.

"వాళ్లు ఏడు పెట్టుకుంటే మనం మూడా? తొమ్మిది పెట్టించు. పది లేదూ?" అన్నారు కమిషనరుగారు. లేదంటే చాలా నొచ్చుకున్నారు.

సంఘం ఇంకో సంస్కరణ కూడా చేసింది. "తిరస్కరించబడినది" అనే మాట పౌరులను అవమానిస్తుంది కాబట్టి దాని బదులు "సగౌరవంగా పక్కన పెట్టబడినది" అని పడాలి. లాగ్‌ను ఎవరు చదవాలన్న ప్రశ్న తమ పరిధిలోకి రాదని తేల్చారు.

మఫ్లరు తొమ్మిది పెట్టాడు. ఆ మధ్యాహ్నమే భార్య పన్నెండో మెయిలు వచ్చింది. యంత్రం ఇలా రాసింది: "దయచేసి" రెండు పాయింట్లు. "పిల్లలు" రెండు. "కూలిపోతుంది" మూడు. "పన్నెండోసారి" నాలుగు. మొత్తం పదకొండు. సగౌరవంగా పక్కన పెట్టబడినది. ఇలా నేర్పినది కమిషనరుగారి మీట, నాలుగు వందల ఆరుసార్లు.

దాని కిందే ఇంకోటి. "అభినందనలు" మైనస్ ఆరు. "మిమ్మల్ని ఎంపిక చేశాము" మైనస్ ఐదు. ఎవరో ఊరూపేరూ లేనివాళ్లు కమిషనరుగారిని ఏటి మేటి పాలకుడిగా ఎంచిన మెయిలది. నేరుగా లోపలికి వెళ్లింది. అలాంటివాటి మీద ఆయన "చెత్త కాదు" అని స్వహస్తాలతో నొక్కుతూ వచ్చారు.

మఫ్లరు అమాయకుడు. లాగ్ అచ్చు తీసి, ఆ కాగితాలన్నీ కట్టగట్టి మోసుకెళ్లి కమిషనరుగారి బల్ల మీద పెట్టాడు. ఆయన కట్టను చేత్తో ఎత్తి బరువు చూశారు. రోజుకెన్ని పేజీలని అడిగి, నాలుగు వందలని విని, పక్క ఊరి వాళ్లకి అందులో సగం కూడా రావని ధ్రువపరుచుకుని మురిసిపోయారు.

"సార్, అందులో బడి గోడ..."

"గోడ సంగతి లాగ్‌లో ఉందా?"

"ఉందండి."

"మరింకేమయ్యా. నమోదైనట్టే కదా," అన్నారు.

మఫ్లరు కట్టను ఇంటికి తెచ్చాడు. భార్య రెండు పేజీలు తిరగేసింది, మూడోది చూడలేదు. "ఇంతేనా? ఈ మాత్రానికేనా పన్నెండుసార్లు బతిమాలుకున్నాను?" అని పదమూడో మెయిలు మొదలుపెట్టింది. దయచేసి తీసేసింది. పిల్లల్ని తీసేసింది. అభినందనలు తెలుపుతూ, గోడల పరిరక్షణలో విశిష్ట సేవలకుగాను కమిషనరుగారిని "గోడ రత్న" బిరుదుకు ఎంపిక చేశామనీ, సన్మానం నాలుగో తరగతి గదిలో, వెనక గోడకు ఆనించి వేసిన వేదిక మీద జరుగుతుందనీ రాసింది. మైనస్ పద్నాలుగు. తొమ్మిది నిమిషాల్లో అంగీకారం వచ్చింది.

వేదిక చూసి రమ్మని ఇంజనీరును పంపారు. ఆయన గోడ మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీస్తే దాంతో పాటు రెండు ఇటుకలు వచ్చాయి. ఆయన గేటు దాకా పరుగు తీశాడు. పదిహేను నెలలుగా ఏ ఫిర్యాదూ లేని గోడ గౌరవ అతిథికి ప్రమాదకరమని ఆ సాయంత్రమే నివేదిక తయారైంది. ఆరు రోజుల్లో కొత్త గోడ లేచింది.

సన్మానం ఘనంగా జరిగింది. బళ్లో పిల్లల తల్లులు తలా కాస్త వేసుకుని ఆటసామాను కొట్లో షీల్డు కొన్నారు. గోడ బొమ్మ ఉన్నది దొరకక పరిగెత్తే మనిషి బొమ్మది తెచ్చారు. ఇంజనీరు అది తన బొమ్మే అనుకుని తల దించుకున్నాడు.

"ఈ గోడ గురించి నాకెవరూ చెప్పలేదు. నా అంతట నేనే కనిపెట్టాను. నా హయాంలో ఫిర్యాదులు ఎందుకు రావంటే, జనం నోరు తెరవకముందే నేను తెలుసుకుంటాను గనక," అని కమిషనరుగారు సెలవిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మఫ్లరు భార్య అందరికంటే గట్టిగా కొట్టింది.

కిటుకు ఊరంతా పాకింది. నెల తిరక్కుండా కమిషనరుగారు కాలువ భూషణుడు, గుంతల చక్రవర్తి, వీధిదీప సామ్రాట్టు అయ్యారు. షీల్డు ఇచ్చిన వీధిలో కాలువ పారింది, ఇవ్వని వీధిలో పొంగింది. మూడో వీధి చివర ఒక ముసలాయన మాత్రం రోజూ "మా కుళాయిలో నీళ్లు రావట్లేదు" అని రాస్తాడు. అంతే, ఇంకో ముక్క ఉండదు. ఎనిమిది పాయింట్లు. ఆయనకు పొగడ్డం చేతకాదు. ఆయనకు నీళ్లు లేవు. లాగ్‌లో మాత్రం రోజూ ఉంటాడు, సగౌరవంగా.

మొన్న మఫ్లరు కూతురికి ఒళ్లు కాలిపోతోంది. సెలవు చీటీ తనే రాసుకుని సంతకానికి తెచ్చింది. గౌరవనీయులైన టీచరుగారికి అభినందనలనీ, ఈ ఏటి ఉత్తమ సెలవు ప్రదాతగా ఆవిడను ఎంపిక చేశామనీ ఉంది.

"జ్వరమని రాయలేదేమే?" అని అడిగాడు మఫ్లరు.

"అది రాస్తే ఫిర్యాదులా ఉంటుంది నాన్నా," అంది పిల్ల.

మఫ్లరు మనసులోనే లెక్కవేశాడు. మైనస్ పదకొండు. ఎక్కడా తప్పు దొరక్క సంతకం పెట్టాడు.